ఉదర చిత్రం - అనుమతి పత్రం

అనంతపురం జిల్లాలో గుంతకల్లుకూ ఉరవకొండకూ నడుమ వజ్రకరూరు అనే ఊరు ఉంది. వాన అరుదుగా కురిసే మెట్టప్రాంతం. తొలకరి జల్లులు పడి పైమట్టి కొట్టుకొని పోగానే ఈ చుట్టుపట్ల గ్రామాల ప్రజలు పొలాలలో వంగి, కన్ను నేలకు అంటించి, వజ్రాల కోసం వెదకడం ఏటా కనిపించే దృశ్యం. ఊరి పేరులోనే వజ్రం ఉన్నది. సుమారు 110 కోట్ల సంవత్సరాల కిందట భూమి లోతులనుండి పైకి పొంగివచ్చిన కింబర్లైటు అనే శిల ఇక్కడ గొట్టాల రూపంలో నిలిచి ఉంది. వజ్రాలకు మూలం ఆ శిలయే. అయితే నేల పైభాగం చూసి లోపల ఏముందో చెప్పడం కష్టం. ఊరంతా తవ్వి చూడడం అసాధ్యం. అందుచేత భూగర్భ శాస్త్రజ్ఞులు ముందుగా అయస్కాంత శక్తినీ, గురుత్వాకర్షణనూ కొలిచి, ఎక్కడ తవ్వితే ఫలితం ఉంటుందో అంచనా కట్టి, ఆ తరువాతనే తవ్వకానికి పూనుకొంటారు.

మనిషి ఉదరం విషయంలో వైద్యునికి ఎదురయ్యే సమస్యా ఇటువంటిదే. కడుపునొప్పి అని వచ్చిన రోగి పొట్టను పైనుండి తడిమి చూడవచ్చును. లోపల ఉన్నది ఉండుకము వాపో, మూత్రపిండంలో రాయో, క్లోమగ్రంథి శోథమో, కణితియో నిశ్చయంగా తెలియదు. కోసి చూడడం ఒకప్పటి మార్గం. కోయకుండానే చూడగలిగే సాధనం సి.టి. స్కాను. కాని ఈ సాధనం ఖరీదైనది. ఖర్చు మరొకరు భరించేటప్పుడు ఆ మరొకరు, 'ఈ పరీక్ష నిజంగా అవసరమా?' అని ముందుగా అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పి సమ్మతి పొందడమే 'ముందస్తు అనుమతి'. యంత్రం కథ ఒకటి, అనుమతి కథ ఒకటి. రెండూ వేరువేరు దేశాలలో పుట్టి, 2007లో అనంతపురం జిల్లా పల్లెలలో కలుసుకొన్నాయి.

నీడనుండి చిత్రానికి

1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గు నగరంలో రాంట్‌జెన్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎక్సు కిరణాలను కనుగొన్నాడు. 1901లో భౌతికశాస్త్రానికి ఇచ్చిన మొట్టమొదటి నోబెల్ బహుమానం ఆయనకే లభించింది. ఎక్సురే పటం నిజానికి ఒక నీడ. దీపం ముందు చెయ్యి పెడితే గోడమీద నీడ పడినట్లే, శరీరంగుండా పోయిన కిరణాలు ఫిల్ముమీద నీడ వేస్తాయి. ఎముక కిరణాలను ఎక్కువగా ఆపుతుంది కనుక దాని నీడ స్పష్టంగా ఉంటుంది. కాని కాలేయం, ప్లీహం, క్లోమం, పేగులు, కండరాలు - ఇవన్నీ దాదాపు ఒకే సాంద్రత గలవి. పైగా ముందున్న అవయవపు నీడ వెనుకనున్న దానిమీద పడుతుంది. కాబట్టి ఛాతీ, ఎముకల విషయంలో అంత ఉపకరించిన ఎక్సురే, ఉదరం విషయంలో చాలాకాలం అరకొరగానే ఉపయోగపడింది.

ఒక్క దిశనుండి కాక అనేక దిశలనుండి నీడలు తీసి, వాటిని లెక్కగట్టి లోపలి రూపాన్ని తిరిగి నిర్మించవచ్చునా? ఈ ప్రశ్నకు గణితశాస్త్రంలో జవాబు 1917లోనే ఉన్నది. ఆస్ట్రియా దేశపు గణితవేత్త జొహాన్ రాడాన్ ఆ సంవత్సరం అందుకు తగిన సిద్ధాంతాన్ని ప్రకటించాడు. అప్పుడు ఆయన మనసులో వైద్యం లేదు. అది శుద్ధ గణితం.

విద్యార్థులు ఒక చిన్న ఉదాహరణతో దీనిని తేలికగా గ్రహించవచ్చు. నాలుగు గదులున్న ఒక చతురస్రం గీయండి. ప్రతి గదిలోను ఒక అంకె దాగి ఉన్నది. పై వరుస మొత్తం 5, కింది వరుస మొత్తం 6, ఎడమ నిలువు మొత్తం 7, కుడి నిలువు మొత్తం 4 అని చెప్పారనుకోండి. గదుల్లో ఏ అంకెలున్నాయి? పైన 2, 3. కింద 5, 1 కావచ్చు. పైన 3, 2. కింద 4, 2 కూడ కావచ్చు. రెండు దిక్కులనుండి చూసినంత మాత్రాన సందేహం తీరలేదు. మూలనుండి మూలకు, అనగా ఎడమ పై గది, కుడి కింది గది కలిపితే 3 అని మూడో దిక్కు సమాచారం ఇస్తే మొదటి జవాబే సరియైనదని తేలిపోతుంది. సి.టి. స్కానులో జరిగేది ఇదే. గదులు నాలుగు కాక వేలు, దిక్కులు మూడు కాక వందలు. అంకె అంటే ఆ గదిలోని కణజాలం కిరణాన్ని ఎంత ఆపిందన్న కొలత.

ఇద్దరు శాస్త్రజ్ఞులు

రాడాన్ చేసిన పని తెలియకుండానే ఈ దారిలో నడిచినవాడు అలన్ కోర్మాక్. ఆయన దక్షిణాఫ్రికాలో పుట్టిన భౌతికశాస్త్రవేత్త. 1956లో కేప్‌టౌన్‌లోని గ్రూటెషూర్ ఆసుపత్రిలో కొంతకాలం రేడియేషను చికిత్స పర్యవేక్షించవలసి వచ్చినప్పుడు, శరీరంలోని భిన్నభిన్న కణజాలాలు కిరణాలను ఎంతెంత ఆపుతాయో తెలియనిదే మోతాదు సరిగా నిర్ణయించలేమని ఆయనకు తోచింది. దానికి గణిత పద్ధతిని రూపొందించి 1963, 1964లలో రెండు వ్యాసాలు ప్రకటించాడు. వాటిని పట్టించుకొన్నవారు దాదాపు లేరు. ఆ లెక్కలను చకచక చేయగల గణకయంత్రాలు అప్పటికి ఆసుపత్రుల దరికి రాలేదు.

రెండవ శాస్త్రజ్ఞుడు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డు. 1919లో ఇంగ్లండులో పుట్టి, వ్యవసాయక్షేత్రంలో పెరిగాడు. విశ్వవిద్యాలయ పట్టం లేదు; విద్యుత్ ఇంజనీరింగు కళాశాలలో డిప్లొమా చదివాడు. గ్రామఫోను రికార్డులకు పేరుపొందిన ఇ.ఎం.ఐ. కంపెనీలో ఇంజనీరుగా పనిచేస్తూ 1967లో ఈ ఆలోచన చేశాడు. మొదటి ప్రయోగానికి ఆయన ఒక పాత లేతు యంత్రపు బల్లను వాడుకొన్నాడు. కిరణాలు వెలువరించడానికి అమెరీషియం అనే రేడియోధార్మిక మూలకం అమర్చాడు. ఆ కిరణాలు బలహీనం కావడం వల్ల ఒక్క చిత్రానికి కావలసిన కొలతలు తీయడానికి 9 దినాలు పట్టింది. వాటిని గణకయంత్రం లెక్కించడానికి మరి రెండున్నర గంటలు. ఎక్సురే గొట్టం అమర్చిన తరువాత 9 దినాలు 9 గంటలకు దిగాయి.

1971 అక్టోబరు 1న లండను శివార్లలోని అట్కిన్‌సన్ మోర్లీ ఆసుపత్రిలో మొదటి రోగికి పరీక్ష జరిగింది. ఆమెకు మెదడులో కణితి ఉన్నదేమోనని వైద్యుల అనుమానం. చిత్రంలో కణితి స్పష్టంగా కనిపించింది. శస్త్రచికిత్స చేసిన వైద్యుడు అది చిత్రంలో ఉన్నచోటనే ఉన్నదని నిర్ధారించాడు. ఆనాటి యంత్రం ఒక పొరకు 28,800 కొలతలు తీసి, 80 నిలువు, 80 అడ్డం గదులలో, అనగా 6,400 గదులలో చిత్రం కూర్చేది. 1979లో కోర్మాక్, హౌన్స్‌ఫీల్డు ఇద్దరికీ వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమానం లభించింది. ఇద్దరిలో ఎవరూ వైద్యులు కారు.

తలనుండి ఉదరానికి

మొదటి యంత్రం తలను మాత్రమే చూడగలిగేది. ఎందుకు? ఒక్క పొరకు నాలుగైదు నిమిషాలు పట్టేది. తలను కదలకుండా అంతసేపు పట్టి ఉంచవచ్చును. ఉదరం అట్లా కాదు. ఊపిరి పీల్చినప్పుడెల్లా కాలేయం కిందికి జారుతుంది, వదిలినప్పుడు పైకి పోతుంది. పేగులు తమంతట తాము కదులుతుంటాయి. పరుగెత్తే పిల్లవానికి నిదానమైన కెమెరాతో ఫొటో తీస్తే ఎట్లా చెదిరిపోతుందో ఉదర చిత్రమూ అట్లా చెదిరేది. కాబట్టి ఉదర పరీక్ష చరిత్ర అంతా వేగానికి సంబంధించిన చరిత్ర. 1974లో అమెరికాలోని జార్జిటౌన్ విశ్వవిద్యాలయంలో రాబర్టు లెడ్లీ సర్వాంగాలను చూడగల యంత్రాన్ని పనిలో పెట్టాడు. 1970 దశకం మధ్యకు పొర ఒక్కంటికి సుమారు 20 సెకన్లు చాలాయి. అంటే రోగి ఒకసారి ఊపిరి బిగబట్టేటంత సేపు. 1989లో జర్మనీ శాస్త్రజ్ఞుడు విల్లీ కాలెండరు, రోగి బల్ల ముందుకు జరుగుతూ ఉండగానే గొట్టం ఎడతెగకుండా చుట్టూ తిరిగే సర్పిల పద్ధతిని ప్రవేశపెట్టాడు. 1998 తరువాత ఒక్క చుట్టులో అనేక పొరలు తీసే యంత్రాలు వచ్చాయి. నేడు ఉదరం అంతా కొన్ని సెకన్లలో పూర్తవుతుంది.

ప్రతి గదిలోని కొలతకు హౌన్స్‌ఫీల్డు పేరుతోనే ఒక మానం ఉన్నది. నీటికి 0, గాలికి మైనస్ 1000. కొవ్వుకు మైనస్ 100 ప్రాంతం; కాలేయానికి 50 ప్రాంతం; గట్టి ఎముకకు 1000 దరిదాపు. కాలేయానికీ, దానిలోని కణితికీ తేడా కొద్ది అంకెలే కావచ్చు. అందుకే అయోడిను గల మందును రక్తనాళంలోకి ఎక్కించి తేడాను స్పష్టం చేస్తారు. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి ఆ మందు హాని చేయవచ్చు కనుక ముందుగా రక్తంలో క్రియాటినిన్ పరిమాణం చూస్తారు.

ఇంకొక జాగ్రత్త కూడ ఉన్నది. ప్రకృతిలోని రేడియేషను ప్రతి మనిషికీ ఏటా సగటున 2.4 మిల్లీసీవర్టులు సోకుతూనే ఉంటుంది. ఒక ఉదర సి.టి. పరీక్షలో సోకేది సుమారు 8 నుండి 10 మిల్లీసీవర్టులు, అనగా మూడు నాలుగేండ్ల ప్రకృతి మోతాదు ఒక్కసారిగా. అవసరమైనప్పుడు లాభం ముందు ఈ నష్టం అత్యల్పం. అవసరం లేనప్పుడు అది వట్టి నష్టమే. కాబట్టి 'ఈ పరీక్ష అవసరమా?' అన్న ప్రశ్న కేవలం డబ్బుకు సంబంధించినది కాదు. ఆ ప్రశ్న మొదట వైద్యుడు తనకు తాను వేసుకోవలసినది.

పదిమంది సొమ్ము, ఒక్కని వైద్యం

ఇక రెండవ కథ. జబ్బు ఎవరికి, ఎప్పుడు వస్తుందో తెలియదు. కాని వెయ్యిమందిలో ఏటా సుమారు ఎందరికి వస్తుందో లెక్కవేయవచ్చును. వెయ్యిమంది తలా కొంచెం వేసుకొంటే జబ్బు పడిన కొద్దిమంది ఖర్చు గట్టెక్కుతుంది. బీమా అంతా ఈ సూత్రంమీదనే నడుస్తుంది. 1883లో జర్మనీలో బిస్మార్కు ప్రభుత్వం కార్మికులకు రోగబీమా చట్టం చేసింది. చందాలో రెండు వంతులు కార్మికుడు, ఒక వంతు యజమాని భరించేవారు. 1929లో అమెరికాలోని డల్లాసు నగరంలో బేలరు విశ్వవిద్యాలయ ఆసుపత్రి ఒక ఏర్పాటు చేసింది. దానిలో మొదట చేరినవారు పాఠశాల ఉపాధ్యాయులు. నెలకు అర డాలరు చొప్పున, ఏడాదికి 6 డాలర్లు కడితే 21 దినాలపాటు ఆసుపత్రిలో ఉండి వైద్యం పొందవచ్చును. 'బ్లూ క్రాసు' అనే పేరుతో దేశమంతటా వ్యాపించిన ఆసుపత్రి బీమాకు మూలం ఆ బడిపంతుళ్ళ చందాయే.

అయితే ఉమ్మడి సొమ్ముతో ఒక చిక్కు ఉన్నది. ఖర్చు తన చేతినుండి పోనప్పుడు రోగి వెనుకాడడు. ఎక్కువ చేస్తే ఎక్కువ రాబడి కనుక ఆసుపత్రీ వెనుకాడదు. 1965లో అమెరికాలో వృద్ధులకు మెడికేర్ పథకం పెట్టినప్పుడు, రోగులు అవసరం మేరకే ఆసుపత్రిలో ఉంటున్నారా అని చూసే సమీక్షా సంఘాలుండాలని చట్టంలోనే వ్రాశారు. 1970 దశకంలో సి.టి. యంత్రం బజారుకు వచ్చింది. ప్రతి ఆసుపత్రీ తనకొకటి కావాలన్నది. 1974లో ఆ దేశంలో చేసిన ఆరోగ్య ప్రణాళికా చట్టం, ఖరీదైన పరికరాలు కొనేముందు 'అవసర ధ్రువపత్రం' పొందవలసిన పద్ధతిని రాష్ట్రాలన్నిటికీ వ్యాపింపజేసింది. 1978లో ఆ దేశపు కాంగ్రెసుకు అనుబంధమైన సాంకేతిక పరిశీలనా కార్యాలయం ప్రత్యేకించి సి.టి. యంత్రంమీదనే ఒక నివేదిక వెలువరించింది. మొదట యంత్రం కొనడానికి అనుమతి. తరువాత రోగిని చేర్చుకోవడానికి అనుమతి. చివరకు ఒక్కొక్క పరీక్షకు అనుమతి. ఈ విధంగా అనుమతి మెట్టుమెట్టుగా కిందికి దిగి రోగి మంచం దాకా వచ్చింది.

నేడు అమెరికాలో నివసించే తెలుగువారికి ఇది అనుభవంలో ఉన్న మాటే. అక్కడి డాక్టరు ఉదర సి.టి. వ్రాసినా, అత్యవసరం కానప్పుడు, అనేక బీమా కంపెనీలు ముందుగా సమ్మతించనిదే డబ్బు చెల్లించవు. ఆలస్యాలమీద వచ్చిన విమర్శల ఫలితంగా 2024 జనవరిలో ఆ దేశ ప్రభుత్వం, తన ఆధీనంలోని పథకాలలో 2026 నుండి త్వరితమైన అభ్యర్థనకు 72 గంటలలోను, మామూలు అభ్యర్థనకు 7 దినాలలోను జవాబు చెప్పాలని నియమం చేసింది.

మన దేశంలో

మన దేశంలో ఉద్యోగుల రాజ్యబీమా చట్టం 1948లో వచ్చి, 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీ నగరాలలో అమలు ప్రారంభమైంది. అది ఫ్యాక్టరీ కార్మికులకు. 1954లో కేంద్ర ప్రభుత్వోద్యోగులకు ఒక పథకం వచ్చింది. 1986లో ప్రభుత్వ బీమా కంపెనీలు మెడిక్లెయిము అనే పాలసీ తెచ్చాయి. అది చందా కట్టగలిగినవారికి. 2001లో బీమా నియంత్రణ సంస్థ, కంపెనీకీ ఆసుపత్రికీ నడుమ నిలిచి అనుమతులు, బిల్లులు చూసే మధ్యవర్తి సంస్థలకు నియమాలు చేసింది. రోగి డబ్బు కట్టి తరువాత రాబట్టుకొనే పద్ధతికి బదులు, అసలు డబ్బే కట్టనక్కరలేని 'నగదు రహిత' పద్ధతి దానితో వ్యాపించింది. ఆసుపత్రికి డబ్బు వస్తుందన్న భరోసా ముందుగా కావాలి కదా! ఆ భరోసా పత్రమే అనుమతి పత్రం.

ఈ ఏర్పాట్లలో వేటిలోను వజ్రకరూరు వేరుశనగ రైతుకూ, కూలికీ చోటు లేదు. వారు ఫ్యాక్టరీ కార్మికులు కారు, సర్కారు ఉద్యోగులు కారు, చందా కట్టే స్తోమతు గలవారూ కారు. పెద్ద జబ్బు చేస్తే పొలమో, పశువులో అమ్మాలి. లేదా వడ్డీకి తేవాలి. లేదా ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టుకొని హైదరాబాదువైపు ఎదురుచూడాలి. వానలేని ఏడు పంటకు చేసిన అప్పుమీద వైద్యానికి చేసిన అప్పు పడితే ఆ కుటుంబం తిరిగి లేవడం కష్టం.

2007 ఏప్రిల్ 1న అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకాన్ని మూడు జిల్లాలలో మొదలుపెట్టింది. మహబూబునగరు, శ్రీకాకుళం, అనంతపురం. మూడూ వెనుకబాటుకూ వలసలకూ పేరుబడ్డవి. తెల్ల రేషను కార్డు గల కుటుంబానికి ఏడాదికి లక్షన్నర రూపాయలు, అవసరమైతే మరి 50,000 రూపాయలు, మొత్తం రెండు లక్షల దాకా చికిత్స. చందా కుటుంబం తరఫున ప్రభుత్వమే కట్టింది. మొదటి దశలో ఒక బీమా కంపెనీ ద్వారా నడిచిన ఈ పథకం, 2008 జూలై నాటికి రాష్ట్రంలోని 23 జిల్లాలకు విస్తరించింది. అప్పుడే చేర్చిన మరికొన్ని చికిత్సలను బీమా కంపెనీ ప్రమేయం లేకుండా ఆరోగ్యశ్రీ ట్రస్టు నేరుగా నిర్వహించింది.

అనుమతి నడిచే దారి

వజ్రకరూరు మండలంలో ఒక కూలికి వారం దినాలుగా కడుపులో నొప్పి, జ్వరం, తిండి సయించక బరువు తగ్గడం ఉన్నాయనుకొందాం. అతడు ముందుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోతాడు. అక్కడ 'ఆరోగ్యమిత్ర' అనే సహాయకుడు కార్డు చూసి, పేరు నమోదు చేసి, డాక్టరు చూసిన పిమ్మట పథకంలో చేరిన ఆసుపత్రికి పంపుతాడు. అక్కడ కూడ మరొక ఆరోగ్యమిత్ర ఉంటాడు. చదువురాని రోగి పెద్దాసుపత్రిలో దారితప్పకుండా చూసే మనిషి ఆయన. పథకంలోని కొత్తదనాలలో ఇది ముఖ్యమైనది.

ఆసుపత్రిలో నిపుణుడు పరీక్షించి, ముందు అల్ట్రాసౌండు తీస్తాడు. దానిలో ధ్వని తరంగాలే తప్ప రేడియేషను లేదు, ఖర్చూ తక్కువ. దానితో తేలకపోతే సి.టి. తీస్తారు. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. అమెరికాలో అనుమతి అడిగేది సి.టి. పరీక్షకు. ఆరోగ్యశ్రీలో అనుమతి అడిగేది చికిత్సకు, సి.టి. చిత్రం ఆ అభ్యర్థనకు సాక్ష్యం. అక్కడ చిత్రం ముద్దాయి, ఇక్కడ సాక్షి. రోగి చరిత్ర, రక్తపరీక్షలు, స్కాను చిత్రం, నిపుణుని అభిప్రాయం - ఇవన్నీ కంప్యూటరు ద్వారా కేంద్ర కార్యాలయానికి చేరుతాయి. అక్కడి వైద్యులు వాటిని చూసి, జబ్బు నిజమా, కోరిన చికిత్స దానికి తగినదా, పట్టికలో ఉన్నదా అని పరిశీలించి ఒప్పుకొంటారు, లేదా మరికొన్ని వివరాలు అడుగుతారు, లేదా తిరస్కరిస్తారు. ప్రాణాపాయస్థితిలో టెలిఫోను ద్వారా తెలిపి వెంటనే చికిత్స మొదలుపెట్టి, కాగితాలు తరువాత పంపే ఏర్పాటు ఉన్నది.

చికిత్సకు ఒక ముద్దమొత్తం నిర్ణయమై ఉంటుంది. పరీక్షలు, శస్త్రచికిత్స, భోజనం, ఇంటికి పోయిన తరువాత 10 దినాల మందులు, దారి ఖర్చు అన్నీ అందులోనే. కాబట్టి పట్టికలోని జబ్బు అయితే సి.టి. ఖర్చు కూడ అందులో ఇమిడిపోతుంది. పట్టికలోని జబ్బని అనుమానించి పరీక్షలు చేసినప్పుడు, చివరకు చికిత్స జరగకపోయినా రోగినుండి డబ్బు తీసుకోరాదని నియమం. జబ్బు పట్టికకు వెలుపలిదైతే మాత్రం ఖర్చు రోగిమీదనే పడుతుంది. కడుపునొప్పికి పేరు పట్టికలో ఉండదు. జబ్బుకు మాత్రమే పేరు ఉంటుంది. ఆ పేరు తెలియాలంటే పరీక్ష కావాలి. ఈ ముడి విప్పడంలోనే ప్రతి బీమా పథకానికీ చిక్కు.

ప్రైవేటు పాలసీలలోనూ ఈ ముడి ఉన్నది. కేవలం పరీక్షలకోసమే ఆసుపత్రిలో చేరితే ఖర్చు ఇవ్వనక్కరలేదన్న మినహాయింపు మన దేశపు పాలసీలలో మామూలు. చేరి చికిత్స పొందితే మాత్రం, అదే జబ్బుకోసం చేరికకు ముందు పాలసీలో చెప్పిన దినాలలో తీసిన స్కాను ఖర్చు తిరిగి పొందవచ్చును. నగదు రహిత అనుమతి నిరాకరించినంత మాత్రాన క్లెయిము నిరాకరించినట్లు కాదన్న సంగతి చాలామందికి తెలియదు. బిల్లు కట్టి తరువాత ఆ సొమ్ము కోరవచ్చును.

కత్తికి రెండు అంచులు

అనుమతి వల్ల లాభమేమిటి? గర్భాశయం తొలగించే శస్త్రచికిత్స ఉదాహరణ. ఆరోగ్యశ్రీ వచ్చిన తొలి సంవత్సరాలలో రాష్ట్రంలో పేద స్త్రీలకు, పడుచువయస్సులోని వారికి సైతం, ఈ శస్త్రచికిత్స అనవసరంగా చేస్తున్నారని తీవ్రమైన ఆందోళన బయలుదేరింది. కాగితాలు సక్రమంగా ఉంటే అనుమతి లభించేది. కాగితం వెనుక ఉన్న మనిషిని అనుమతి ఇచ్చేవారు చూడలేదు. తరువాత ఇటువంటి కొన్ని చికిత్సలను ప్రభుత్వ ఆసుపత్రులకే ప్రత్యేకించవలసి వచ్చింది. తనిఖీ ఉండగానే ఇట్లా జరిగిందంటే, తనిఖీయే లేకుంటే ఏమయ్యేదో ఊహించవచ్చును. చిత్రం, పరీక్ష ఫలితం, నిపుణుని మాట - ఈ మూడూ ఏకీభవించాలన్న నియమం రోగి శరీరానికి రక్షణ.

నష్టమేమిటి? కాలం. ఉండుకము వాచి పగిలిపోవడానికి అనుమతి పత్రం వచ్చేదాకా ఆగదు. ప్రేగు అడ్డుపడినప్పుడు గంటలు లెక్క. బస్సు ఛార్జీ పెట్టి, ఒకనాటి కూలి పోగొట్టుకొని, తోడు మనిషిని వెంటబెట్టుకొని వచ్చినవానిని 'రేపు రండి' అంటే అది ఒక్క దినం ఆలస్యం మాత్రమే కాదు. అతడు అసలు రాకపోవచ్చు. పట్టణవాసికి ఆలస్యం విసుగు. పల్లెవాసికి అది చికిత్స మానుకోవడానికి కారణం.

ఈ సంగతి గుర్తించి నియమాలు మారుతూ వచ్చాయి. 2024 మే నెలలో మన బీమా నియంత్రణ సంస్థ, నగదు రహిత చికిత్సకోసం వచ్చిన అభ్యర్థనపై కంపెనీ ఒక గంటలోగా నిర్ణయించాలనీ, ఇంటికి పంపేటప్పటి అనుమతి మూడు గంటలలో ఇవ్వాలనీ ఆదేశించింది. ప్రభుత్వ పథకంలోనూ మార్పులు జరిగాయి. 2014లో రాష్ట్రం విడిపోయిన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో దాని పేరు ఎన్.టి.ఆర్. వైద్య సేవ అయింది. 2019లో డాక్టర్ వై.యస్.ఆర్. ఆరోగ్యశ్రీ అయింది; 2024లో డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవ అయింది. 2020 జనవరిలో పశ్చిమ గోదావరి జిల్లాలో, తరువాత రాష్ట్రమంతటా, ఖర్చు 1,000 రూపాయలు దాటిన చికిత్సలకు పథకం వర్తింపజేశారు. 2023 నాటికి పట్టికలో 3,200కు పైగా చికిత్సలు చేరాయి. ఆ సంవత్సరం డిసెంబరులో ఖర్చు పరిమితిని 25 లక్షల రూపాయలకు పెంచారు. జాతీయ స్థాయిలో 2018 సెప్టెంబరు 23న ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన ప్రారంభమైంది. కుటుంబానికి ఏటా 5 లక్షలు. పేర్లు మారినా, మొత్తాలు పెరిగినా అనుమతి అడిగే పద్ధతి మాత్రం నిలిచే ఉన్నది.

మంచి అభ్యర్థన ఎట్లా ఉంటుంది?

అనుమతి తిరస్కరించబడడానికి కారణం చాలాసార్లు జబ్బు లేకపోవడం కాదు, కాగితంలో జబ్బు కనిపించకపోవడం. 'కడుపునొప్పి - ఉదర సి.టి.' అని రెండు ముక్కలు వ్రాసి పంపితే, దూరాన కూర్చున్న వైద్యుడు దానినుండి ఏమి తెలుసుకోగలడు? నొప్పి ఎప్పుడు మొదలైంది, పొట్టలో ఏ భాగాన ఉన్నది, జ్వరమో వాంతులో రక్తమో కనిపించాయా, బరువు ఎంత తగ్గింది, ఇదివరకు ఏ పరీక్షలు చేశారు, వాటిలో ఏమి తేలింది, ఇంతకు ముందు ఏ మందులు వాడారు, ఇప్పుడు ఏ జబ్బు అనుమానం, సి.టి. ఫలితం వల్ల చికిత్స ఏ విధంగా మారుతుంది - ఇవి వ్రాస్తే నిర్ణయం తేలిక. చివరి ప్రశ్న అన్నింటిలోను ముఖ్యం. ఫలితం ఏదైనా చికిత్స ఒకటే అయినప్పుడు పరీక్ష వృథా.

వ్రాయవలసినవాడు వైద్యుడే, కాని ఇందులో సగం సమాచారం రోగి ఇంటిలో ఉంటుంది. పాత చీటీలు, రక్తపరీక్షల కాగితాలు, ఫిల్ములు వరుసగా ఒక సంచిలో దాచిపెట్టుకొన్న కుటుంబం పని త్వరగా జరుగుతుంది. లేకుంటే చేసిన పరీక్షే మళ్ళీ చేయవలసి వస్తుంది. ఖర్చూ రెట్టింపు, రేడియేషనూ రెట్టింపు. నిరాకరణ వచ్చినప్పుడు కారణం కాగితంమీద అడిగి తీసుకోవాలి; కొరవడిన వివరం చేర్చి మళ్ళీ పంపే హక్కు ఉన్నది. చదువురాని తల్లిదండ్రుల తరఫున ఈ పని చేయగలిగినది ఇంట్లో చదువుకొంటున్న బిడ్డయే. చీటీమీద తేదీ చదవడం, మందుల పేర్లు వ్రాసి ఉంచడం, ఆరోగ్యమిత్రతో మాట్లాడడం ఉన్నత పాఠశాల విద్యార్థికి కష్టం కాదు. అటువంటి విద్యార్థులను తయారుచేయడం ఉపాధ్యాయుని చేతిలో ఉన్నది.

వజ్రకరూరు పొలంలో భూగర్భ శాస్త్రజ్ఞుడు తవ్వేముందు వేసుకొనే ప్రశ్నా, ఆసుపత్రిలో వైద్యుడు స్కాను వ్రాసేముందు వేసుకొనే ప్రశ్నా, బీమా కార్యాలయంలో అనుమతి ఇచ్చేవారు వేసే ప్రశ్నా ఒక్కటే: 'ఇక్కడ వెదకడానికి తగిన కారణం ఉన్నదా?' అది మంచి ప్రశ్న. అయితే నేలలోని వజ్రం 110 కోట్ల సంవత్సరాలు ఆగింది, ఇంకొక సంవత్సరం ఆగగలదు. కడుపులోని జబ్బు ఆగదు. ఆ ప్రశ్నను అడగడం ఎంత అవసరమో, దానికి జవాబును సకాలంలో చెప్పడమూ అంతే అవసరం.